పొలిమేరలో ఆగిన సజ్జల కుండ

ఊళ్లు తిరిగి జనాన్ని ఆరోగ్య బీమాలో చేర్పించే పనిలో ఉన్న ఆడపిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. ఈ వీధిలో పాతకాలపు నర్సమ్మ ఒకావిడ ఉందని ఎవరో చెప్పారట. మజ్జిగ తాగి, కాళ్లు చాపుకుని కూర్చుని, "ఎంత మొత్తుకున్నా చేరరవ్వా, మమ్మల్ని చూస్తే తలుపులేసుకుంటారు" అని వాపోయారు. చేరకపోతే దిగులు పడకండి, మళ్లీ పోయి అడగండి అన్నాను. ఊరు ఊరంతా ఒక్క పూటలో, మారుమాట లేకుండా చేరిపోయిందంటే మాత్రం భయపడండి అన్నాను. వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు గానీ, ఆ రెండు ఊళ్ల పేర్లు గానీ రాయను. వాళ్ల పిల్లలూ మనవలూ ఇంకా అక్కడే ఉన్నారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. నేను కానుపులు చేసే పని నెల్లూరులో నేర్చుకుని, ఉదయగిరిలో ఒక చిన్న మందుల సంఘంలో ఉద్యోగానికి కుదిరాను. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ ఉద్యోగం లేకపోతే అన్నల ఇంట్లో వదినల చేతి కింద బతకాలి. అందుకే ఉదయగిరి కొండను మొదటిసారి చూసినప్పుడు గుండె జారిపోయినా, వచ్చిన బస్సులోనే వెనక్కి పోదామనే ఆలోచనను గట్టిగా అదుముకున్నాను.

సంఘం పెట్టింది ఒక ముసలి డాక్టరుగారు. సర్కారు కొలువు చాలించుకుని వచ్చిన మనిషి. ఆయన ఆలోచన చాలా తేలిక. జబ్బు వచ్చినప్పుడు పేదవాడి చేతిలో ఏమీ ఉండదు, పంట వచ్చినప్పుడు గింజలు ఉంటాయి. కాబట్టి పంట మీద ఇంటికి కాసిని గింజలు సంఘానికి ఇస్తే, ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఎవరికి ఏం వచ్చినా మందు ఊరికే ఇస్తాం. ప్రాణం మీదికి వస్తే బండి కట్టించి ఆత్మకూరు ఆసుపత్రికి మేమే చేరుస్తాం. మీరిప్పుడు బీమా అంటున్నారే, అదే ఇది. కాకపోతే ఆ మాట మాకప్పుడు నోటికి రాదు.

చేర్పించడం ఎలా అన్నదే చిక్కు. వేలిముద్ర వేయమంటే జనం చేతులు చంకల్లో దాచుకునేవారు. వేలిముద్ర వేసి పొలాలు పోగొట్టుకున్న వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు మరి. అందుకని డాక్టరుగారు వేలిముద్ర మాన్పించి వేరే పద్ధతి పెట్టారు. ఊరికొక కుండ. చేరదలచిన ఇంటివాళ్లు నలుగురూ చూస్తుండగా వచ్చి అందులో ఒక దోసెడు సజ్జలు పోయాలి. అదే వాళ్ల ఒప్పుదల. అసలు గింజలు కోతలయ్యాక.

ఈ పని మీద తిరిగేది నేనూ, మా కాంపౌండరూ, ఒక బండివాడూ. కాంపౌండరు నెల్లూరు టౌను మనిషి. రోళ్లు పగిలే ఎండలో కూడా కోటు విప్పేవాడు కాదు, విప్పితే జనం మందులు నమ్మరనేవాడు. సీతారామపురం వైపు పోయినప్పుడు మాకు పెద్ద మర్యాదేమీ జరగలేదు. "రోగం రాకముందే దానికి కూలి కట్టమంటావా?" అని ఒకామె నిలదీసింది. "మా ఇంట్లో ఎవురికీ ఏం లేదు, నీ నోటితో తేబాక తల్లీ" అని ఇంకొకామె తలుపు మూసింది. కుండ బోసిగా కనిపిస్తోంది, అందుకే ఎవరూ దగ్గరికి రావడం లేదని కాంపౌండరు దానికి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టాడు. గింజలకు పురుగు పట్టకుండా నేను పైన వేపాకు పరిచి, మూతికి ఎర్రగుడ్డ కట్టాను. ఎర్రగుడ్డ ఎందుకంటే, నా పెట్టెలో ఉన్న పాతగుడ్డ అదొక్కటే.

పసుపు పూసిన తర్వాత నిజంగానే జనం రావడం మొదలుపెట్టారు. కాంపౌండరు మురిసిపోయాడు. ఆ ఊళ్లలో ఒకదానిలో మేము వచ్చేసిన కొద్ది రోజులకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని మనుషులు పోయారని కబురొచ్చింది. బావినీళ్లు చెడి ఉంటాయని డాక్టరుగారు అన్నారు, మందు పంపారు. మేము ఇంకో దారి పట్టి, ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డుకు లోపలగా, మెట్ట మీద ఉన్న ఒక పల్లెకు పోయాం. దాన్ని మెట్టూరు అనుకోండి.

మెట్టూరు జనం మమ్మల్ని చూసి తలుపులు వేసుకోలేదు. తలస్నానాలు చేసి తడిజుట్టుతో వచ్చారు. మాట్లాడకుండా వరసలో నిలబడ్డారు. దోసెడు అడిగితే చేటెడు తెచ్చిన వాళ్లున్నారు. కుండలో పోసేటప్పుడు ఒక్కరూ నా మొహం చూడలేదు. పోసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇళ్లలోకి పోయి కాళ్లు కడుక్కున్నారు. ఎవరో బండిచక్రం కింద నిమ్మకాయ పెట్టారు. ఒక ముసలామె బండి చుట్టూ పసుపునీళ్లు చల్లి, "తీసకపోండమ్మా, శానా దూరం తీసకపోండి" అంది.

"చూశావా అమ్మాయ్, ప్రచారమంటే ఇదీ!" అన్నాడు కాంపౌండరు. ఊరు ఊరంతా చేరింది. అంత మంది మనుషులు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

ఎడ్లను కడుతుండగా ఒక పెద్దావిడ వచ్చి నా మోచేయి పట్టుకుంది. కోడలికి నిన్నటి నుంచి నొప్పులట. కొడుకు కూలిపనికి పరాయి ఊళ్లకు పోయి ఉన్నాడు. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని గద్దించాను. ఆమె నన్ను తన ఇంటి వైపు లాగింది. గుడిసెలోకి పోయి చూస్తే, పందొమ్మిదీ ఇరవై ఏళ్ల పిల్ల, పెదవులు ఎండిపోయి గోడకు ఆనుకుని ఉంది. చేతులు కడుక్కుని పరీక్ష చేశాను. నా చేతికి తల తగల్లేదు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నేను అప్పటికి చేసిన కానుపులన్నీ సవ్యమైనవే. ఇది నా వల్ల అయ్యే పని కాదని నాకు తెలిసిపోయింది.

ఆత్మకూరులో లేడీ డాక్టరు ఉంది. పొద్దు వాలేలోగా రోడ్డెక్కగలిగితే ఉదయగిరి నుంచి వచ్చే బస్సు దొరుకుతుంది. అది తప్పితే మర్నాటి దాకా మరొకటి లేదు. ఈ పిల్ల మర్నాటి దాకా ఆగదు. బండి ఎక్కించమన్నాను.

"ఆ బండా? ఆ బండొద్దమ్మా" అంది అత్త. ముఖం పాలిపోయింది. సరే, వేరే బండి ఉంటే కట్టించమన్నాను. ఊళ్లో ఉన్న ఒకటీ అరా బండ్ల వాళ్లు నలుగురికీ జడిసి కదల్లేదు. పోనీ చోటు కోసం కుండను దించుదామని బండివాడు చెయ్యి వేస్తే ఊరంతా ఒక్కసారి అరిచింది. "ఎక్కింది దిగగూడదు! తీసకపోండి!" వాళ్ల మూఢత్వానికి నాకు ఒళ్లు మండింది. వాదించడానికి సమయం లేదు. కుండ ముందువైపు, పిల్ల వెనకవైపు, మధ్యలో నేను. అత్త కుండకు ఎంత దూరం వీలైతే అంత దూరంగా ముడుచుకుని కూర్చుని, దారంతా దాని వైపు చూడలేదు.

ముళ్లచెట్ల మధ్య నుంచి దారి. గతుకు గతుకుకూ ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని నులిమేసేది. అరుస్తున్నంతసేపు నాకు ధైర్యంగానే ఉంది. అరవడం మానేసినప్పుడల్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "వొచ్చే ఊరు దీని పుట్టిల్లేనమ్మా, చెరువు కింద ఉండాది. వాళ్ల నాయన చేపలు పట్టే మనిషి" అంది అత్త. నాకు ప్రాణం లేచొచ్చింది. పుట్టినింటివాళ్లు ఉంటే నలుగురు మగవాళ్లు సాయం వస్తారు, నీళ్లు దొరుకుతాయి, రోడ్డు ఆ ఊరి అవతలే.

పొలిమేర రాళ్ల దగ్గర దారికి అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. కంప వెనక మగవాళ్లు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక ఆడవాళ్లు, చంకల్లో పిల్లలతో. మెట్టూరు నుంచి మాకంటే ముందు కబురు వచ్చేసింది.

"ఆడనే ఆగండి!" అన్నాడు ముందున్న ఆసామి. ఊరికి పెద్ద ఆయనే. "బండిలో ఏందుండాది?"

"కానుపు కష్టమైన మనిషి. ఆత్మకూరు ఆసుపత్రికి పోవాలి. దారివ్వండి" అన్నాను.

"కుండలో?"

"సజ్జలు."

"యా సజ్జలో మాకు తెలుసులే నర్సమ్మా. ఇంటింటా గింజలెత్తి, పసుపు పూసి, వేపాకు కప్పి, అమ్మను మా మీదికి తోలినారు పైఊరోళ్లు. మాకూ పిల్లకాయలుండారు."

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. వాంతిభేదిగానీ, ఒంటి మీద పొక్కులుగానీ ఊళ్లోకి వస్తే ఆ వైపు పల్లెల్లో ఒక ఆచారం ఉంది. ఇంటింటి నుంచి గింజలు ఒక కుండలోకి ఎత్తుతారు. అమ్మవారిని అందులోకి పిలుస్తారు. పసుపు పూసి, వేపాకు కప్పి, బండి మీద పొలిమేర దాటిస్తారు. జబ్బు కుండతో పోతుంది, పక్క ఊరి మీద పడుతుంది. ఈ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మా బండివాడిది కూడా నెల్లూరు వైపే. ఆ చావుల కబురు విన్న మెట్టూరు జనం మా సంఘంలో చేరలేదు. వాళ్ల భయాన్నంతా తెచ్చి మా కుండలో పోశారు. నేను దాన్ని ఊరి నుంచి ఊరికి మోస్తున్నాను.

కాంపౌండరు బండి దిగి, కోటు సర్దుకుని, నీళ్లలో ఉండే పురుగుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. కర్ర ఒకటి నేల మీద చప్పుడు చేసింది. ఆయన మాట మధ్యలో ఆపి, బండి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నేను ఆయన్ను ఎగతాళి చేయను. నేను అసలు బండే దిగలేదు.

కుండను ఇక్కడే పారేస్తామన్నాను. "పొలిమేరలో పడేస్తే మా మీద పడేసినట్టేగా!" అని ఆడవాళ్లు కేకలు వేశారు. వెనక్కి పోతే మెట్టూరు రానివ్వదు, బస్సు దొరకదు. ఒక పక్క చెరువు నిండుగా ఉంది, ఇంకో పక్క రాళ్లగుట్ట. బండిలో ఆ పిల్ల మూలుగు సన్నబడుతోంది.

ఇక నాకు ఏం చేయాలో తోచక గుడ్డ విప్పి, వేపాకు తోసి, పిడికెడు పచ్చి సజ్జలు నోట్లో వేసుకున్నాను. "చూడండి, గింజలే!" అన్నాను. నమలలేక నమిలాను. చదువుకున్నదాన్నే, అయినా మింగేటప్పుడు, ఇందులో నిజంగానే ఏదైనా ఉంటే అనే అనుమానం నాకు వచ్చింది. అంతమంది కళ్లు నా గొంతు మీదే ఉన్నాయి.

ఆసామి తల అడ్డంగా ఊపాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను మరింత భయపెట్టింది. "నువ్వు యా ఊరిదానివో తల్లీ. నువ్వు తింటే అది నీతో రాదు. దానికి ఉండేదానికి ఒక ఇల్లు గావాల. ఈ ఊర్లో ఎవురన్నా దాన్ని తలకెత్తుకోని తన ఇంటికి తీసకపోతే ఆ ఇంటితో సరి. మిగిలినోళ్లం బతుకుతాం. అప్పుడు నీ బండి పోవచ్చు." ఆగి, వెనక్కి తిరిగి చూసి అన్నాడు. "ఎవురెత్తుకుంటారు?"

ఎవరూ కదల్లేదు.

బండిలోంచి ఆ పిల్ల, "నాయనా" అంది. గట్టిగా కాదు.

కర్రలు పట్టుకున్న వాళ్లలో ఒకాయన మొహం మారిపోయింది. నడివయసు మనిషి, భుజాన తడి వల ఉంది. బండిలో ఉన్నది ఎవరో ఆయనకు అప్పటిదాకా తెలియదు. కర్ర చేతిలోంచి జారింది. ఒక అడుగు ముందుకు వేశాడు. వెనక నుంచి ఆయన భార్య పంచె పట్టుకుంది.

"ఇంకా పిల్లకాయలుండారు నీకు! వాళ్లేం గావాల?" అంది. ఆమె ఏడుస్తూనే అంది. బండిలో ఉన్నది ఆమె కూతురు కూడా.

ఆయన నిలబడిపోయాడు. ఆ నిలబడినంతసేపు నేను ఆయన్ను అసహ్యించుకున్నాను. కన్నకూతురు అక్కడ చచ్చిపోతుంటే ఒక మట్టికుండకు జంకుతున్నాడని.

"మే, పిల్లకాయల్ని దీసకోని మీ అమ్మగారింటికి పో" అన్నాడు భార్యతో. "ఇప్పుడే పో. ఇంట్లోకి గూడా పోబాక, బట్టలు గూడా తీసుకోబాక."

పంచె విడిపించుకుని, కంప తొక్కుకుంటూ వచ్చాడు. అరికాళ్లలో ముళ్లు దిగుతున్నా చూసుకోలేదు. బండి ముందువైపు నుంచి కుండను ఎత్తి తల మీద పెట్టుకున్నాడు. కూతురు ఇంకోసారి పిలిచింది. ఆయన చూడలేదు. కుండ పెట్టుకున్న తలను కావాలనే ఆమెకు పెడగా తిప్పుకుని, బండికి దూరంగా జరిగి నడిచాడు. ఆయన నడిచినంత మేరా జనం రెండుగా చీలిపోయారు. ఆడవాళ్లు పిల్లల ముఖాలకు కొంగులు కప్పారు. ఆయన సందు తిరిగి కనపడకుండా పోయాక, మగవాళ్లు కంప లాగేశారు. ఒక్క ఇంటి తలుపూ తెరిచి లేని ఆ వీధిలోంచి మా బండి రోడ్డెక్కింది.

బస్సు దొరికింది. డ్రైవరు మొదట కేకలు వేసి, పిల్లను చూశాక వెనక సీటు ఖాళీ చేయించాడు. ఆత్మకూరులో లేడీ డాక్టరు ఆమెను చేతుల్లోకి తీసుకునేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. "పొయ్యేది ఆ పసివాడితో పోయింది" అంది అత్త, ఆసుపత్రి వరండాలో కూర్చుని.

ఆ తర్వాత మా సంఘం కుండలు మానేసి గోనెసంచీ పట్టింది. పసుపు లేదు, వేపాకు లేదు. గింజలకు శుభ్రంగా పురుగు పట్టింది. ఊరికి ఇద్దరో ముగ్గురో, సవాలక్ష ప్రశ్నలు అడిగి, విసిగించి, తిట్టి మరీ చేరేవారు. అలాంటి వాళ్లను చూస్తే నా ప్రాణం కుదుటపడేది.

ఆ పిల్ల లేచి కూర్చునేంత నయమయ్యాక, తండ్రికి కబురు చెబుదామని ఆత్మకూరు నుంచి బండిలో చెరువు కింది ఊరికి పోయాను. ఆయన సందుకు అడ్డంగా ముళ్లకంప ఉంది. ఊరివాళ్లు వేసింది. ఆయన వాకిట్లో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడనే ఉండమ్మా. దగ్గరికి రాబాక."

కంప ఇవతలే నిలబడి, కూతురు బతికిందని చెప్పాను. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు తీసి, "బిడ్డ?" అని అడిగాడు. లేదన్నాను. "మొగబిడ్డా, ఆడబిడ్డా?" అన్నాడు. మగపిల్లాడని చెప్పాను. తల ఊపాడు.

ఆయన అలా చావు కోసం కాచుకుని కూర్చోవడం నేను చూడలేకపోయాను. "ఆ కుండలో ఏమీ లేదయ్యా. సజ్జలే. పసుపు మా కాంపౌండరు పూశాడు, వేపాకు నేనే వేశాను. నేను తిన్నాను గదా, నాకేమైంది? నువ్వు తెచ్చుకున్నావు, నీకేమైంది?" అన్నాను.

"ఇంకా కాలే" అన్నాడు.

"ఇన్ని రోజులైనా ఇంకా దాన్నే నమ్ముతున్నావా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "నమ్మబట్టే గదమ్మా ఎత్తుకున్నా. అందులో ఏమీ లేదనుకుంటే ఎవురైనా ఎత్తుకుంటారు."

పొలిమేరలో ఆయన నిలబడిపోయినప్పుడు నేను ఏమనుకున్నానో గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. కుండ నాకిచ్చెయ్యి, నేను తీసుకుపోతానన్నాను. ఇవ్వనన్నాడు. మళ్లీ బండెక్కిస్తే అది ఏ ఊరి మీద పడుతుందోనని ఆయన భయం. ఆయన భార్యా పిల్లలూ ఇంకా రాలేదు. ఆసుపత్రికి వచ్చి కూతుర్ని చూడమంటే, తన ఒంటిమీద ఉన్నది అక్కడికి ఎట్లా తెస్తానని అడిగాడు. చివరికి ఒక్క మాట చెప్పమన్నాడు.

"నేను బాగుండానని చెప్పు. నన్ను చూసేదానికి మాత్రం రాబాక అని చెప్పు. గట్టిగా చెప్పు."

సాయంత్రం ఆత్మకూరు చేరి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల మంచం మీద వెల్లకిలా పడుకుని అంతా విన్నది. కుండ సంగతీ, కంప సంగతీ, రావద్దన్న సంగతీ. విని, మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచి, కాళ్లు కింద పెట్టింది.

"నర్సమ్మా, మా నాయన ఊరికి ఆ బండి మళ్లా ఎప్పుడు పోతాది?" అని అడిగింది.